అక్షయ సంవత్సరం ఆగిపోతే



ముందు ఒక నోటి లెక్క చేద్దాం. మన జిల్లాలో మూడు ఊళ్లు తీసుకుందాం: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడింటికీ ఒక వింత రోగం పట్టుకుందనుకోండి. ప్రొద్దుటూరు మూడేండ్లకొకసారి ఏడాది పాటు నిలిచిపోతుంది. నిలిచిపోవడమంటే బంద్ కాదు. బంద్ రోజున కూడా ఈగలు ముసురుతాయి, గుండె కొట్టుకుంటుంది. ఇక్కడ అదీ ఉండదు. బంగారు అంగట్లో తక్కెడ ఎటు వంగిందో అటే ఉండిపోతుంది. పై గ్లాసు నుంచి కింది గ్లాసులోకి పోస్తున్న టీ మధ్యలోనే ఉండిపోతుంది. జమ్మలమడుగుకు ఈ రోగం నాలుగేండ్లకొకసారి వస్తుంది. పులివెందులకు ఐదేండ్లకొకసారి.

ప్రొద్దుటూరు ఆగిపోయిన ఏడాది జమ్మలమడుగు వాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది. ఎంత దూరమని, ఇరవై కిలోమీటర్లు. లోపలికి అడుగు పెడితే తామూ ఆగిపోతారు గనక పొలిమేరలో నిలబడి చూసిపోతారు. ప్రొద్దుటూరు వాళ్లకు మాత్రం ఏమీ తెలియదు. తక్కెడ పట్టుకున్న ఆసామి తూకం ముగించి, చీటీ రాసి, తరువాతి బేరం చూసుకుంటాడు. నడుమ ఏడాది పోయిందన్న ఊహే ఆయనకు రాదు. ఆయనకు వింతగా కనబడేది బయటి లోకం. జమ్మలమడుగులో ఉన్న కూతురి బిడ్డ నిన్నటిదాకా చంకలో ఉండింది, ఈరోజు ఫోన్ చేస్తే తాతా అని మాట్లాడుతోంది. "మాకేమీ కాలేదు నాయనా, మీ ఊరే ఏడాది నుంచి ఆగిపోయింటే" అంటుంది కూతురు. ఇట్లా ఒక ఊరి సంగతి ఇంకో ఊరివాళ్లు చెప్పగా విని, కొన్నాళ్లకు మూడు ఊళ్లవాళ్లూ ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టుకుంటారు. పెళ్లిళ్లకు ముహూర్తాలు పెట్టేవాళ్లు ఆ పట్టిక చూడకుండా మాటివ్వరు.

ఇప్పుడు అసలు లెక్క. మూడు, నాలుగు, ఐదు. వీటి క.సా.గు. అరవై. మన తెలుగు సంవత్సరాలూ అరవయ్యే. ప్రభవ నుంచి లెక్కపెడితే అరవయ్యోది అక్షయ. అక్షయ నామ సంవత్సరంలో మూడు ఊళ్లూ ఒక్కసారే ఆగిపోతాయి. ఈ మూడు ఊళ్లే లోకమనుకుంటే, పొలిమేరలో నిలబడి చూసేవాడు ఒక్కడు కూడా మిగలడు. మరి ఆ ఏడాది గడిచినట్టా, గడవనట్టా?

ఈ లెక్క నేను కట్టింది కాదు. సిడ్నీ షూమేకర్ అనే అమెరికా తత్వవేత్త 1969లో అచ్చువేసిన ఒక వ్యాసంలో ఒక ఊహాలోకంలోని మూడు ప్రాంతాలకు ఇదే మూడు, నాలుగు, ఐదు లెక్క వేశాడు. ఊళ్లు మాత్రమే నేను మార్చాను. ఆయనకు మన ప్రభవ, విభవలతో పనిలేదు, క.సా.గు. అట్లా కుదిరింది. మార్పు అన్నది లేకపోతే కాలమన్నదే లేదని అరిస్టాటిల్ నాటి నుంచి పెద్దలు చెబుతూ వచ్చారు. షూమేకర్ దాన్ని తిరగేశాడు. చూసేవాడు లేకపోయినా, చీమ కదలకపోయినా, వెనకటి యాభైతొమ్మిదేండ్ల లెక్కను బట్టి అరవయ్యో ఏడు కూడా గడిచిందని నమ్మడానికి ఆధారం ఉండొచ్చునన్నాడు.

నాకు షూమేకర్ మాట సబబుగానే తోస్తుంది. అయితే ఈ కథలో నన్ను పట్టుకున్నది కాలం సంగతి కాదు, ఆ ఊళ్లవాళ్ల సంగతి. అక్షయ సంవత్సరం గడిచిందనే ఒప్పుకుందాం. గడిచినా ఎవరి తలలోకీ అది ఎక్కలేదు. ఒక్క జ్ఞాపకం పెరగలేదు, ఒకటి తరగలేదు. అంటే కాలం ఊరికే గడిచినంత మాత్రాన తెలివికి గానీ జ్ఞాపకానికి గానీ ఒరిగేదేమీ లేదన్నమాట. నా ప్రసంగం ఈ వాక్యం ముగిసి రెండో వాక్యం మొదలయ్యే లోపల లోకమంతా పదివేలేండ్లు ఆగి మళ్లీ కదిలిందనుకోండి. మీకు గానీ నాకు గానీ తెలిసే దారి లేదు. కాలం నడవడం మీద స్మృతి, చైతన్యం ఆధారపడి ఉన్నాయా అని అడిగితే, నడక మీద కాదు, మార్పు మీద అన్నది నా జవాబు. అది కూడా ఎటుపడితే అటు పోయే మార్పు కాదు, ఒకే వైపుకు సాగే మార్పు.

ఊళ్లు ఆగిపోవడం కట్టుకథే. మనుషులు ఆగిపోవడం మనకు తెలిసిందే. ఈమధ్య మా చిన్నాయనకు ప్రొద్దుటూరులో పిత్తాశయంలో రాళ్లు తీశారు. పొద్దున లోపలికి తీసుకుపోయి మధ్యాహ్నం బయటికి తెచ్చారు. తెలివి వస్తూనే, మాట ఇంకా ముద్దముద్దగా ఉండగానే నన్ను అడిగాడు, "ఏమ్రా, ఇంగా లోపలికి పిల్చకపోలేదే?" అని.

"అయిపాయ గదా చిన్నాయనా. రాళ్లు గూడా ఇచ్చినారు, ఇదో" అని సీసా చూపించాను.

ఆయన సీసా వైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూశాడు. "ఇప్పుడే గదప్పా సూది ఏసింది" అన్నాడు.

ఇదే మనిషి ఇంట్లో భోంచేసి ఒక కునుకు తీస్తే, లేస్తూనే ఎంతసేపు పండుకున్నాడో తానే చెబుతాడు. చాలావరకు ఆ అంచనా తప్పదు. నిద్రలో మెదడు పని మానుకోదు, లోపల ఏదో లెక్క సాగుతూనే ఉంటుంది. మత్తుమందు తీరు వేరు. మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి కబురు పంపుకోవడం అప్పుడు దెబ్బతింటుందని ఆ విషయం పరిశోధించేవాళ్లు చెబుతారు. సూది వేసిన క్షణాన్నీ కళ్లు తెరిచిన క్షణాన్నీ చిన్నాయన ఒకదానికొకటి అతికించేసుకున్నాడు, నడుమ ఏమీ లేనట్టు. అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏండ్ల కిందట అచ్చంగా ఈ సంగతే రాశాడు. సార్డీనియా దీవిలో వీరుల సన్నిధిలో నిద్రపోయి లేచినవాళ్లు ముందరి క్షణాన్ని వెనకటి క్షణంతో కలిపేసుకుంటారనీ, నడిమి కాలం వాళ్లకు లెక్కలోకి రాదనీ. ఆయనకు మత్తు సూది తెలియదు, పాపం. ఒక పుక్కిటి కథతో సరిపెట్టుకున్నాడు.

మనవాళ్లు ఇదే ప్రశ్నను ఇంకా లోతుగా తవ్వారు. గాఢనిద్రలో ఆత్మకు ఎరుక ఉంటుందా ఉండదా అని అద్వైతులకూ నైయాయికులకూ పెద్ద వాదం. హాయిగా నిద్రపట్టింది, నాకేమీ తెలియలేదు అని మనం లేచి అంటామే, అది జ్ఞాపకం అంటారు అద్వైతులు. అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు. కాబట్టి నిద్రలో కూడా ఒక సాక్షి మేలుకొనే ఉన్నాడన్నది వాళ్ల పట్టు. నైయాయికులు ఒప్పుకోరు. అది జ్ఞాపకం కాదు, ఊహించి చెప్పింది అంటారు. ఒళ్లు తేలికపడింది, పొద్దు వాలింది, కాబట్టి బాగా నిద్రపోయి ఉంటానని లేచాక కట్టుకున్న మాట అది.

కునుకు విషయంలో అద్వైతుల మాటకు కొంత బలం ఉందనిపిస్తుంది. చిన్నాయన సూది విషయంలో మాత్రం నేను నైయాయికుల పక్షమే. హాయిగా నిద్రపోతి అని ఆయన అనలేదు. నిద్రపోయానని కూడా అనలేదు. సీసా, గడియారం, పొట్ట మీద పట్టీ, ఈ మూడూ చూశాకే నడుమ పూట గడిచిందని ఒప్పుకున్నాడు. సాక్షి ఎవరైనా అక్కడ కూర్చుని ఉంటే, ఆయన వాంగ్మూలం మాత్రం మాకు అందలేదు.

ఇంక జ్ఞాపకం ఎట్లా పడుతుందో చూద్దాం. అది పడీపడగానే గట్టిపడదు. ఎర్రగుంట్ల సిమెంటు వాడినవాళ్లకు తెలుసు: పోసిన పూటే కప్పు మీద నడవరు, రోజుల తరబడి నీళ్లు పట్టాలి. మెదడులోనూ అంతే. ఒక అనుభవం నిలవాలంటే నాడీకణాల కలయికల దగ్గర కొత్త మాంసకృత్తులు తయారు కావాలి. దానికి గంటలు పడుతుంది. మోటారు సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు పడిన క్షణాన్నే కాదు, దానికి ముందరి కాసేపటిని కూడా చెప్పలేకపోవడం మీరు వినే ఉంటారు. ఆ కాసేపు జరగలేదని కాదు, గట్టిపడే వ్యవధి దొరకలేదు.

ఈ గట్టిపడే పని అసలే జరగకపోతే మనిషి ఏమవుతాడో చెప్పడానికి లోకానికి తెలిసిన ఇద్దరున్నారు. హెన్రీ మొలైసన్ అనే అమెరికా యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేశారు. రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగంలో చాలామటుకు తీసేశారు. అప్పటికి ఆయన వయసు 27. తరువాత 2008లో చనిపోయేదాకా కొత్త సంగతి దాదాపు ఏదీ ఆయనకు నిలవలేదు. పాత సంగతులు గుర్తున్నాయి, మాట తీరు పోలేదు, తెలివితేటలు పోలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. ప్రతి రోజూ మాత్రం ఈ పని నేనెప్పుడూ చేయలేదే అన్నాడు. చేతిలో కాలం నడిచింది, మనసులో నడవలేదు. ఒకే ఒంట్లో రెండు కాలాలు!

రెండో ఆయన క్లైవ్ వేరింగ్, ఇంగ్లండు సంగీతకారుడు. 1985లో వైరస్ సోకి మెదడు వాచింది. అప్పటి నుంచి ఆయన జ్ఞాపకం కొన్ని సెకండ్లు. డైరీ పెట్టుకుని, ఇప్పుడే మొదటిసారి మేలుకున్నాను అని రాసేవాడు. కాసేపటికి ఆ వాక్యం కొట్టేసి దాని కిందే మళ్లీ అదే రాసేవాడు, ఈసారి నిజంగా అని. పేజీలు పేజీలు అట్లాగే నిండాయి. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు భయం వేసింది. చైతన్యం లేదా అంటే ఉంది, మండుతున్నంత ఉంది. దానికి వెనక ఏమీ లేదు. విచిత్రమేమంటే ఆయనను పియానో ముందు కూర్చోబెడితే తొట్రుపడకుండా కీర్తన చివరిదాకా వాయించేవాడు. వాయిస్తున్నంతసేపూ తెంపులు లేవు. ఆపగానే మళ్లీ మొదటికి. రాగానికి ఒక పోకడ ఉంది. ఈ స్వరం తరువాత ఆ స్వరమే రావాలి. ఆయన చేయలేని పనిని ఆ పోకడ చేసిపెట్టింది: వెనకటి క్షణాన్ని ముందరి క్షణం చేతికి అందించింది.

హుస్సర్ల్ అనే జర్మనీ తత్వవేత్త 1905లో కాలం ఎరుక గురించి ఉపన్యాసాలిస్తూ పాటనే ఉదాహరణగా తీసుకున్నాడు. రేడియోలో ఆ ఉదాహరణ చూపించడం ఇంకా సులువు. జమ్మలమడుగు అన్నాను. ఆరు అక్షరాలు. చివరి 'గు' మీ చెవిన పడేసరికి మొదటి 'జ' గాలిలో లేదు. ఉన్నది ఒక్క 'గు' మాత్రమే అయితే మీరు ఊరి పేరు విననే వినరు. పోయిన అయిదు అక్షరాలు పోయినవిగానే, అయినా ఇంకా పట్టులోనే ఉండబట్టి మాట అర్థమైంది. ఇప్పుడు అనే క్షణానికి మందం ఉంది. ఆ మందం లేని చైతన్యం నాకు ఊహకు అందడం లేదు. క్షణమాత్రంగా పుట్టి గిట్టే విజ్ఞానాలు తప్ప వేరే ఏమీ లేదన్న బౌద్ధులు కూడా, ఒక క్షణం తన వాసనను మరో క్షణానికి అంటించి పోతుందని చెప్పుకోక తప్పలేదు.

రాళ్లకు కూడా జ్ఞాపకం ఉందంటే మీరు నవ్వకండి. పులివెందుల దగ్గర నేల పొరల నడుమకు కరిగిన శిల చొరబడి గట్టిపడిన ఒక పట్టీ ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాని వయసు సుమారు 188 కోట్ల ఏండ్లని తేల్చారు. అటు వేంపల్లె వైపు సున్నపురాతి పొరల్లో కంటికి కనబడనంత చిన్న జీవుల మేటలు పొర మీద పొరగా గడ్డకట్టి ఉన్నాయి. చెవులు, కళ్లు ఉన్న ప్రాణి ఏదీ పుట్టని రోజుల నాటి దస్తావేజు అది. ఇటు ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల ధనంజయుడు వేయించిన శాసనం, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరు పొందినది. దాన్ని సుమారు 575 నాటిదని పండితులు లిపి తీరును చూసి నిర్ణయించారు. రాజు పేరు రాతిలో ఉంది. తేదీని అక్షరాల వంపుల్లో వెతుక్కోవలసి వచ్చింది.

ఇవన్నీ గుర్తులు. గుర్తు నిలవడానికి కాలం గడవనక్కర్లేదు. అక్షయ సంవత్సరంలో ఆగిపోయిన లోకంలో కూడా కలమళ్ల అక్షరాలు కలమళ్ల అక్షరాలే. గుర్తు పడటానికి మాత్రం మార్పు కావాలి, ఉలి దెబ్బ కావాలి. గుర్తును గుర్తుపట్టడానికి ఇంకో మార్పు కావాలి, చదివే కళ్లు కదలాలి. ఈ రెండు మార్పుల నడుమ ఎన్ని వందల ఏండ్లయినా ఊరికే పడి ఉండొచ్చు.

మరి గుర్తులన్నీ గతానివే ఎందుకు? రేపటి గుర్తు ఒక్కటైనా ఎందుకు దొరకదు? గండికోటలో పెన్న లోయ అంచున నిలబడితే ఈ ప్రశ్నకు సగం జవాబు కనబడుతుంది. కొండచరియ నుంచి విరిగిన బండలు కింద గుట్టపడి ఉంటాయి. గుట్టను చూసి, ఇవి ఫలానా చోటి నుంచి జారాయని చెప్పగలం. కింది గుట్ట పైకెక్కి చరియకు అతుక్కోవడం ఎవరూ చూడలేదు. సూక్ష్మ కణాల కదలికకు సంబంధించిన సూత్రాలు దాదాపుగా ముందుకూ వెనక్కూ ఒకేలా పనిచేస్తాయి. కోట్ల కణాలు కలిసి కదిలినప్పుడు మాత్రం కుదురు నుంచి చెదురుకే పోతాయి. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బోల్ట్స్‌మన్ 1870ల నుంచీ గణితంతో నిలబెట్టడానికి తంటాలు పడిన సంగతి ఇదే. మెదడులో పడే గుర్తు కూడా ఈ వాలులోనే పడుతుంది. అందుకే నిన్నటిది పడుతుంది, రేపటిది పడదు.

రేపటి గుర్తు అనగానే మన జిల్లాలో ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పనక్కర్లేదు. పోతులూరి వీరబ్రహ్మంగారు. కందిమల్లాయపల్లెలో ఆయన జీవసమాధి చెందిన వైశాఖ శుద్ధ దశమికి ఏటా ఆరాధన జరుగుతుంది. ఆయన కాలజ్ఞానం మన పల్లెల్లో నానుడిగా బతుకుతున్న తీరును గమనించండి. ఏదో విపరీతం జరుగుతుంది. జరిగిన మరునాడు రచ్చబండ మీద ఒక పెద్దాయన, "బ్రహ్మంగారు ఆనాడే చెప్పినాడప్పా" అంటాడు. భక్తులను నొప్పించడానికి అనడం లేదు, నేనూ ఆయన మఠానికి పోయి వచ్చేవాడినే. జరగబోయేది చెప్పిన మాట కూడా, జరిగిపోయాకే మన నోట జ్ఞాపకంగా పలుకుతుంది. భవిష్యత్తు కూడా గతం గుమ్మం గుండానే మన దగ్గరికి రావాలి.

ఐన్‌స్టీన్‌కు ఈ మాట నచ్చేది కాదేమో. 1955 మార్చిలో తన చిరకాల మిత్రుడు బెసో చనిపోతే, ఆ కుటుంబానికి రాసిన ఉత్తరంలో, భౌతికశాస్త్రాన్ని నమ్మేవాళ్లకు గత వర్తమాన భవిష్యత్తుల తేడా వదలని భ్రమ మాత్రమేనని ఓదార్చాడు. మరో నెలకు తానే పోయాడు. ఆ లెక్కన అన్ని కాలాలూ ఒకేసారి పరిచి ఉన్నాయి, నడక అంటూ లేదు. అట్లయితే నా వాదం ఏమైనట్టు? చెడలేదనే అనుకుంటాను. కారణం చెప్పాలంటే ప్రొద్దుటూరు అవధాన సభకు పోవాలి. నాకు ఎట్లాగూ అక్కడికి పోవాలనే ఉంది.

అవధానం ప్రొద్దుటూరుకు సొంత విద్యలాంటిది. జమ్మలమడుగులో పుట్టి ప్రొద్దుటూరులో స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధాని, ఆ పక్కనే నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి, ఇద్దరూ జంటగా అవధానాలు చేశారు. శాస్త్రిగారి ఇంటిపేరు ఈ ప్రసంగానికి భలే కలిసొచ్చింది, అంతకుమించి అందులో ఏమీ లేదు. తరువాత సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి. ఒక వాణిజ్య పట్టణానికి ఇంతమంది అవధానులేమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. లెక్కలు కాగితం లేకుండా నోటితో తేల్చే ఊరికి ఈ విద్య అబ్బడంలో నాకైతే వింత లేదు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన నాలుగు మాటలు ఇచ్చి దత్తపది అంటాడు, ఇంకొకాయన వర్ణన అడుగుతాడు, నిషిద్ధాక్షరి ఆయన అడుగడుగునా ఈ అక్షరం వాడొద్దంటాడు. అవధాని మొదటాయనకు ఒక్క పాదం చెప్పి వదిలేసి రెండో ఆయన వైపు తిరుగుతాడు. పద్యం అడిగినవాళ్లందరికీ ఒక్కో పాదం అయ్యాక రెండో విడత. ఇట్లా నాలుగు విడతలు. ఈలోగా అప్రస్తుత ప్రసంగి తన పెళ్లాం వంట గురించో, మొన్నటి ఎన్నికల గురించో అడ్డం వస్తూనే ఉంటాడు. చివరికి ధారణ: పద్యాలన్నీ నాలుగేసి పాదాలూ కలిపి, ఒక్కదాని వెనక ఒకటి, కాగితం లేకుండా చెప్పాలి.

కాలం లెక్కలో చూడండి. సమస్య పద్యం మొదటి పాదం పుట్టిన వెంటనే పుట్టింది దాని రెండో పాదం కాదు, దత్తపది మొదటి పాదం. పుట్టిన వరుసలో తలుచుకుంటే సభలో వినబడేది గందరగోళం. అవధాని పుట్టిన వరుసను పక్కన పెట్టేస్తాడు. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. నాలుగు పాదాల్లోనూ ఆ ప్రాస ఒకటే. అరగంట ఎడంగా పుట్టిన పాదాలు ప్రాసను పట్టుకుని ఒకదానికొకటి చేరుకుంటాయి. క్లైవ్ వేరింగ్‌కు రాగం చేసిన పనే ఇక్కడ వృత్తం చేస్తుంది.

ఇంకా గట్టి ఉదాహరణ వ్యస్తాక్షరి. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని మనసులో పెట్టుకుని, అందులోని అక్షరాలను వరుస తప్పించి, తనకు తోచినప్పుడల్లా ఒక్కొక్కటి ఇస్తాడు. పదకొండో అక్షరం 'రి' అంటాడు, ఇంకో పావుగంటకు మూడోది 'ల' అంటాడు. చివరికి అవధాని వాక్యం మొత్తం చెప్పాలి. వచ్చిన వరుస ఒకటి, ఉండవలసిన వరుస ఇంకొకటి. న్యస్తాక్షరిలో ఐతే నాలుగో పాదం పదిహేనో అక్షరం ఏమిటో పద్యం మొదలు కాకముందే నిర్ణయమైపోతుంది. రాబోయేది ముందే స్థిరంగా ఉంది. అయినా అవధాని అక్కడికి అక్షరం వెంట అక్షరంగా చేరుకోవలసిందే.

ఐన్‌స్టీన్‌కు నా జవాబు ఇందులోనే ఉంది. లోకమంతా ముందే రాసిపెట్టిన పద్యమే అనుకుందాం. నడక భ్రమే కానీయండి. పాదాల వరుస భ్రమ కాదు. నాలుగో పాదంలో మొదటి పాదం ప్రాస గుర్తుగా ఉంది. మొదటి పాదం కట్టేటప్పటికి నాలుగోది ఇంకా కట్టలేదు. జ్ఞాపకానికి కావలసింది ఆ వరుస, ఆ ఒకవైపు వాలు. కాలం నదిలా పారుతోందా, బండలా పడి ఉందా అన్నది భౌతికశాస్త్రం వాళ్లు తేల్చుకోవలసిన తగవు. ఆ తీర్పు వచ్చేదాకా మన జ్ఞాపకాలేమీ ఆగి ఉండవు.

ఇక ఎనిమిది మందిలో ఒకాయన మిగిలాడు, ఘంటాగణనం ఆయన. ఆయనకు పద్యంతో పనిలేదు. చేతిలో గంట, మనసుకు తోచినప్పుడు ఒక మోత. చివరికి ఎన్ని మోగాయో అవధాని చెప్పాలి. చూసేవాళ్లకు అదేమంత గొప్పా అనిపిస్తుంది. నా మట్టుకు అన్నిటిలోకీ కష్టమైనది అదేనంటాను. పద్యానికి ప్రాస ఉంది, యతి ఉంది, అర్థం ఉంది. సమస్య ఇచ్చిన పెద్దమనిషి వెటకారపు నవ్వు ఉంది. గంటకు ఏమీ లేదు. ఏడో మోతకూ ఎనిమిదో మోతకూ చెవికి తేడా లేదు. తేడా అల్లా అవధాని లోపల గడిచిన లెక్క ఒక్కటే. మిగతావాళ్లు మాటలిస్తే ఆయన ఒట్టి కాలాన్ని ముక్కలు చేసి ఇస్తున్నాడు, అంతే. పట్టుకోవడానికి పట్టు లేదు. ధారణ అంతా అయ్యాక అవధాని సంఖ్య చెబుతాడు. గంట కొట్టినాయన అది సరో కాదో తన కాగితం మీది గీతలు లెక్కపెట్టుకుని చెబుతాడు. కొట్టింది తానే అయినా కాగితం లేకపోతే ఆయనకూ తెలియదు.